మీరు వినని రికార్డు

ఏవండీ,

బాగున్నారా? ఇదేం ప్రశ్న అని నవ్వుకోకండి. వచ్చే ఆదివారానికి మీరు వెళ్ళి ఏడాది. సంవత్సరీకం పనులు ఎలాగూ ఉన్నాయి, అమ్మాయి కాలేజీ నుంచి శుక్రవారమే డ్రైవ్ చేసుకుని వస్తానంది. ఈలోగా మీకు ఒక సంగతి చెప్పాలి. చెప్పకపోతే నాకు అన్నం సహించేట్టు లేదు.

మీ రికార్డు వచ్చిందండీ.

రోజూ మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోన్ చేసేవారు, గుర్తుందా? "వచ్చిందా?" అనేవారు. తిన్నావా అని కాదు, ఒంట్లో ఎలా ఉంది అని కాదు... పోస్టు వచ్చిందా అని. రాలేదని చెప్పి పెట్టేసేదాన్ని. చివరికది మీ పన్నెండో రోజు అయిన వారానికి వచ్చింది. అట్ట కవరు, మీద మీ పేరు. పోస్ట్‌మాన్ సంతకం పెట్టమంటే మీ పేరే రాయబోయాను.

ఎవరికైనా చెబితే నమ్మరు. రోడ్లకి డిజైన్లు గీసే ఇంజనీరు, చెప్పులు కొనడానికి డెట్రాయిట్ అంతా తిరిగే మనిషి, పాటలు మాత్రం వినకుండా కొనేవారు. నల్లజాతి కుర్రాళ్ళు ఎప్పుడో ఏదో ఊళ్ళో పాడి, కాసిని కాపీలు వేయించుకుని, రేడియోలో కూడా రాక మూలపడ్డ సోల్ పాటలు. అమ్మేవాళ్ళు పోస్టులో ఒక కాగితం పంపిస్తారు. అందులో పాట పేరు, పాడినవాళ్ళ పేరు, అంతే. ముందు ఫోన్ చేసినవాళ్ళదే రికార్డు. మన తెనాలిలో పుచ్చకాయ కొన్నా గాటు పెట్టి ఎరుపు చూపిస్తారు కదా, వీళ్ళు ఆ మాత్రం కూడా వినిపించరా అని నేను సణిగేదాన్ని. మీరు కాగితం మీంచి తల ఎత్తేవారు కాదు. "తెలిసిన పేరైతే అందరూ కొంటారు. నాకు తెలీని పేరంటేనే నమ్మకం."

ఏం నమ్మకమో! ఒకసారి చర్చిలో ప్రసంగం వచ్చింది. ఇంకోసారి ఫర్నిచర్ షాపు ప్రకటన. దాన్ని కూడా చివరిదాకా విన్నారు, సోఫాల రేట్లతో సహా.

ఆదివారం భోజనాలయ్యాక మన కార్యక్రమం. నేను వక్కపొడి వేసుకుని సోఫాలో కూర్చోవాలి. మీరు పాత పంచె ముక్కతో రికార్డు తుడిచి, మిషన్ మీద పెట్టి, సూది పైన పట్టుకుని నా వైపు తిరిగేవారు. "చెప్పు, పండా, కాయా?" నేను నోటికొచ్చింది ఏదో ఒకటి అనేదాన్ని. తర్వాత సూది దించేవారు. బాగున్నవి పండ్ల పెట్టెలోకి, బాగోలేనివి కాయల పెట్టెలోకి. చెప్పుల అట్టపెట్టెలే, మీద మీరు తెలుగులో రాసిన అక్షరాలు. కాయల పెట్టెలు బీరువా కింద ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి. పండ్ల పెట్టె ఒక్కటే, అదీ నిండలేదు. అయినా మీ రూలు మీదే. "రెండు వైపులా వినకుండా ఏ పెట్టెలోనూ వెయ్యకూడదు."

నన్ను కూడా అలాగే ఏడిపించేవారు. సెలవు మీద వచ్చి, హడావుడిగా పెళ్ళిచూపులు చూసుకున్నారు. అందులో నేను నోరే విప్పలేదాయె. "నిన్నూ వినకుండానే తెచ్చుకున్నాను కదా!" మరి నేను పండా, కాయా అంటే ఒక్కసారైనా చెప్పారా? "రెండో వైపు కూడా విననీ. తొందరేముంది?"

తొందరేముంది...

ఆ కవరు ఫ్రిజ్ మీద చాలా రోజులు ఉండిపోయింది. విప్పడానికి చేతులు రాలేదు. ఒక ఆదివారం అన్నం తిన్నాక తీశాను. అంతా మీలాగే చేశానండీ. పంచె ముక్కతో తుడిచాను. ఆ చిన్న రికార్డుకి మధ్యలో పెద్ద చిల్లు ఉంటుంది కదా, అందులో పసుపు ప్లాస్టిక్ బిళ్ళ పెట్టాలని కూడా గుర్తుంది. సూది పట్టుకుని మీ ఫోటో వైపు తిరిగి అడిగాను. మీ తరఫున నేనే "పండు" అని చెప్పుకున్నాను.

ఎవరో మగమనిషి. బరువైన గొంతు. ఒక్కో మాటా ఈడ్చుకుంటూ, అడుగు తీసి అడుగు వెయ్యలేనివాడిలా పాడుతున్నాడు. వెనకాల డోళ్ళు కూడా నీరసంగానే ఉన్నాయి. దీనికోసమా ఈయన రోజూ ఫోన్ చేసింది అనిపించి ఏడుపొచ్చింది. తిప్పి రెండో వైపు పెట్టే ఓపిక లేకపోయింది. కాయేనండీ అని మీ ఫోటోకి చెప్పి, కాయల పెట్టెలో పెట్టేశాను.

అయినా అప్పుడప్పుడూ తీసి, ఆ ఒక్క వైపే వినేదాన్ని. మీరు ఆఖరున కొన్నది కదా. ఆ ఏడుపుగొట్టు మనిషి మెల్లగా నాకు అలవాటయ్యాడు. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టుండేది.

మొన్న వాల్టర్ వచ్చాడు, మెట్ల మీద మంచు తీసిపెట్టడానికి. సిటీ బస్సు నడిపే మన వాల్టరే, రికార్డుల దగ్గర మీకు పోటీ. ఈ రికార్డుకి కూడా ఫోన్ చేశాడట. కళ్ళజోడు వెతుక్కునేలోపు మీరు కొట్టేశారని చెప్పి నవ్వాడు. కాఫీ ఇచ్చి, అతనికే ఇచ్చేద్దామని తీశాను. ఎవరో మగమనిషి ఏడుపు పాట, నువ్వైనా ఉంచుకో అన్నాను. అతనికి మన అక్షరాలు రాకపోయినా పెట్టెల మీద పండు, కాయ అన్న రెండు మాటలూ గుర్తుపడతాడు కదా, మీరు నేర్పినవే. కాయల పెట్టెలోంచి తీయడం చూసి, ఒకసారి ప్లే చెయ్యమని అడిగాడు.

పెట్టాను. మొదటి లైను అవకుండానే లేచాడు. మిషన్ దగ్గరికెళ్ళి, పక్కనున్న చిన్న మీటని ఇటు నుంచి అటు జరిపాడు. ముట్టుకోవద్దని నేను అరిచాను. అరుపు నోట్లో ఉండగానే పాట మారిపోయింది...

ఆడపిల్లండీ! మగమనిషి కాదు. మన అమ్మాయి వయసు ఉంటుందేమో. ఏడుపు కాదు, గంతులు. ఆ డోళ్ళకి నా కాళ్ళు కూడా ఆగలేదు.

పెద్ద రికార్డు నెమ్మదిగా తిరగాలట, చిన్నది వేగంగా తిరగాలట. మీట పెద్దదానికి పెట్టి ఉంది. పెట్టింది మీరే. ఆఖరి ఆదివారం పోస్టులో ఏమీ రాలేదని మీరు చిన్నబుచ్చుకుని, "ఇవాళ నా లాటరీ లేదు, నీ సన్నాయి పెడతాను" అని నా నాదస్వరం ఎల్.పి., ఆ పెద్ద రికార్డు, పెట్టారు. మర్నాడు ఆఫీసు మెట్ల మీద... ఆ తర్వాత దుమ్ము తుడిచినప్పుడల్లా ఆ మీట చుట్టూ తుడిచేదాన్ని. మీ వేలు ఆఖరిసారి తగిలిందని దాన్ని ముట్టుకునేదాన్ని కాదు. అందుకే ఏడాదంతా మీ పాట కుంటుతూ పాడింది.

వాల్టర్ టోపీ తీసి మీ కుర్చీలో కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో తనకి ఇలాంటిది ఒక్కటీ దొరకలేదన్నాడు. మీరుంటే పాట సగంలోనే ఆపి, దాన్ని కారులో వేసుకుని వాళ్ళింటికి వచ్చేసేవారట. ఎంత బతిమాలినా తీసుకోలేదు. రెండు చేతులతో నాకే తిరిగి ఇచ్చాడు.

అతను వెళ్ళాక మీటని మళ్ళీ వెనక్కి జరిపాను. కానీ అది ఇక మీరు పెట్టింది కాదు కదా...

ఒక్క ఆదివారం ఆ మీట ఏమిటో చూపిస్తే మీ సొమ్మేం పోయేదండీ? "చెయ్యి పెట్టకు, సూది పాడవుతుంది." ఎప్పుడూ అదే మాట. ఇప్పుడు చూడండి, మీరు గెలిస్తే నేను ఓడారని చెప్పాను. అదీ మీ మొహం మీదే.

ఇంకొకటి అడగనా? మీరు ఆఫీసుకెళ్ళాక వంటింట్లో నేను ఆ పాటలే పాడుకునేదాన్నని మీకు తెలుసా? పండ్ల పెట్టెలోవన్నీ నాకు నోటికి వచ్చు. మీ ఎదురుగా సణుగుడే తప్ప ఒక్కటీ పాడలేదు. ఎప్పుడో ఒకరోజు పాడి మిమ్మల్ని ఆశ్చర్యపరుద్దాం అనుకున్నాను. నాకూ తొందరేముంది అనిపించింది.

రికార్డుని కాయల్లోంచి తీసేశాను. పండ్లలో ఇంకా వెయ్యలేదు. రూలు రూలే కదా, రెండో వైపు వినలేదు. ఆదివారం తద్దినం భోజనాలయ్యాక వింటాం. అమ్మాయి ఉంటుంది, వాల్టర్ వస్తానన్నాడు. మీట నేనే జరుపుతాను. సూది పైన పట్టుకుని అడుగుతాను. ఈసారి మీ తరఫున నేను చెప్పను. మీరు చెప్పేదాకా కాసేపు అలాగే పట్టుకుంటాను. తర్వాతే దించుతాను, మాట ఇస్తున్నాను.

ఇట్లు,
మీరు వినకుండా తెచ్చుకున్న
మీ శారద