మైలలో ఆడిన ఆట

మంగళవారం, రాత్రి

తప్పెట కొట్టే మామ పోయి వారం కూడా కాలేదు. ఇంట్లో మైల ఉండగా చెంచులం ఆడకూడదు. అయినా ఈరోజు అహోబిలంలో మంత్రి ముందు ఆడి వచ్చాం.

పొద్దున ఆఫీసరు జీపు వచ్చినప్పుడు నేను ఎక్కనన్నాను. అత్తే బయటికి వచ్చింది. "పోమ్మే. ఆడితే గూడేనికి బోరు వేయిస్తామంటాండారు. వాగు నుంచి నీళ్లు మోస్తానే కదా మీ మామ ఎండకు పడిపోయింది" అంది.

మామ తప్పెట ఆయన తమ్ముడు మెడలో వేసుకున్నాడు. మొదటి పాట సగంలోనే మంత్రి లేచి కారెక్కాడు. చిన్నమామ బోరు సంగతి అడిగితే ఆఫీసరు, "ఇప్పుడు అవన్నీ యాడప్పా? ఫోటోలు శానా బాగా వచ్చినాయి, పోండి" అన్నాడు.

తిరిగి వచ్చేసరికి అత్త గుడిసె ముందే కూర్చుని ఉంది.

"ఏమన్న్యారు?"

"వేయిస్తారంట అత్తా."

ఎందుకలా అన్నానో తెలియదు. నోటికి వేరే మాట రాలేదు.

"అట్లయితే మీ మామ ఏమీ అనుకోడులే" అని లోపలికి పోయి పడుకుంది.

రేపు ఎవరైనా నిజం చెప్పేస్తే...

ఇప్పుడు మాత్రం నిద్రపోతోంది. ఆయన పోయాక ఆమెకు కునుకు పట్టడం ఇదే మొదలు.