దుంపని గిల్లొద్దు

మామయ్యా, నేను డ్యూటీకి వెళ్తున్నాను. ఏనుగుచెవి మొక్క దుంప పాతిన కుండీలో ఇవాళ నీళ్లు పోయకండి. ఉన్న తడి చాలు, ఎక్కువైతే దుంప కుళ్లిపోతుంది. మళ్లీ నర్సరీ ఆయన్ని బతిమాలి ఇంకోటి తేవడం నావల్ల కాదు.

నిన్న వేళ్లు దురదగా ఉన్నాయని ఆయింట్‌మెంట్ అడిగారు చూడండి, అక్కడే దొరికిపోయారు. దుంపని పైకి తీసి, బతికుందో లేదోనని గోటితో గిల్లారు కదా? ఆ రసం తగిలితే దురద పెట్టక ఏం చేస్తుంది? పైగా తలకిందులుగా పాతేశారు. నేను సరిచేశాను. ఆకు నిజంగా ఏనుగు చెవంత వస్తుందా అని నాకూ ఆత్రంగానే ఉంది. నేను ఆగట్లేదూ?

మోకాలి ఆపరేషన్ అయ్యాక హాల్లోకి రమ్మంటేనే రేపు చూద్దాంలే అన్న మనిషి, దీనికోసం పెరటి గుమ్మం దాకా నడిచారు. మీరు నడిచిన సంగతి మీ అబ్బాయికి ఇంకా చెప్పలేదు.

అన్నట్టు, సరిచేస్తుంటే కొసన గులాబీ రంగు మొలక కనిపించింది. కుండీ ఇప్పుడు పెరట్లో లేదు, వీధి గేటు దగ్గర పెట్టాను. కర్ర తీసుకుని మెల్లగా వెళ్లి చూడండి. తవ్వక్కర్లేదు, పైకే కనిపిస్తోంది.