గుర్రం మీద అమ్మ బొంత

నర్సింగూ,

అన్నం గిన్నెలో ఉంది, పప్పు వేడి చేసుకో. అమ్మ కోసం వెతకకు. బహదూర్‌పురాకు, మా ఇంటికి తీసుకుపోతున్నాను.

పొద్దున మీ పక్కింటి కుబ్రా ఆపా మా ఇంటికి వచ్చి, "మీ అమ్మ కుట్టిన బొంత లాడ్ బజార్‌ల టాంగా గుర్రం మీద కప్పిండ్రు, నా కండ్లతోని చూసిన" అంది. ఉరికి వెళ్లి చూస్తే నిజమే. "మీ తమ్ముడే ఇచ్చిండమ్మా, గలీజ్‌గ ఉందన్నడు" అంటూ టాంగా అతను తిరిగి ఇచ్చేశాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

అందులో బాపు రుమాలు ఉందిరా. ఐదేళ్లకే పోయిన మన చెల్లె సత్తెమ్మ గౌను ముక్క ఉంది. దానిది ఇంకేం మిగిలింది మనకు? నీ ఆఫీసు దోస్తులు వస్తున్నారని కొత్త రగ్గు పరిచావు, సరే. బొంతను మడిచి పెట్టెలో పెడితే ఏం పోయేది? అమ్మ మూడు రోజులుగా ఇల్లంతా వెతుకుతుంటే "నాకేమెరుక" అన్నావట! నోరెట్లా వచ్చింది?

నువ్వు వచ్చి పిలిచినా ఇప్పట్లో పంపను.

అక్క

బయలుదేరుతుంటే అమ్మ, "బొంత వానికే ఇడిసిపెట్టు బిడ్డా, వానికి చలి ఎక్కువ" అంది. ఆ మాటకే నీ మీద నా కోపం రెండింతలైంది.