శనివారం కార్డు

మద్రాసు,
27-5-1962, ఆదివారం.

అమ్మకు,

ప్రభువు పేరిట నీ పెద్ద కొడుకు సంజీవరావు వందనాలు. నీ కోడలు పుష్పకుమారికి దగ్గు తగ్గింది, నిద్ర పడుతున్నది. నాకు ఎడమవైపు పన్ను ఒకటి సలుపుతున్నది, బుధవారం పీకిస్తున్నాను. ఎండలు నూట ఆరు దాకా పోయాయి. కొళాయిలో నీళ్లు పొద్దున గంటసేపే వస్తున్నాయి. మా సంగతులు ఇవి. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయో, చెల్లెలు కరుణాకుమారికి ఆసుపత్రి డ్యూటీలో ఒక్కరోజైనా సెలవు దొరికి కూతురు జయశీలను చూసిపోయిందో లేదో రాయించు.

నీ ఉత్తరం గురువారం అందింది. జయశీల నువ్వు చెప్పింది చెప్పినట్టే రాసింది. నీ దగ్గులు కూడా వదిలిపెట్టలేదు. "ఒరే సంజీవా, పేపర్లో ఊరందరి సంగతులూ రాస్తావు గదా, నీ జాబులో ఒక్కసారన్నా క్షేమమని రాయవేందిరా? ఇన్నాళ్లూ ఉపదేశి గారు చదివితే ఆ మాట ఉండె. ఇప్పుడీ పిల్ల చదివితే లేదు. ఇదేమన్నా మింగేస్తా ఉండాదా?" అని అడిగావు. "నేను మింగలేదు మామా, ఒట్టు" అని పిల్ల దాని కిందే తన మాటగా రాసుకుంది.

పిల్ల మింగలేదమ్మా. చర్చి ఉపదేశి గారే తన దయ కొద్దీ కలిపి చదివేవారు. ఆ మాట నేను ఏ ఉత్తరంలోనూ రాయలేదు. ఎందుకో చివర చెబుతాను. ముందు జయశీల అడిగినవాటికి జవాబులు రాయనీ. జూన్ పదకొండున బోర్డింగులో చేరబోయేది అది.

జయా, మార్చిలో ఆఫీసు పని మీద ఆ ఊరు వెళ్లినప్పుడు మీ బోర్డింగు చూసి వచ్చాను. అరవై నాలుగు మంది ఆడపిల్లలు, రెండు పొడుగు గదులు. మంచాలు లేవు, చాపలే. దీపం ఉంటుందా అని అడిగావు. కరెంటు వచ్చి రెండేళ్లయింది. గదికి రెండు బల్బులు. తొమ్మిదింటికి ఆర్పేస్తారు. వరండాలో ఒకటి తెల్లవార్లూ వెలుగుతుంది. తలుపు పక్క చాప దొరికితే ఆ వెలుగు నీ మీద పడుతుంది, కాబట్టి మొదటిరోజు పెందలాడే పోదాం.

పొద్దున ఐదింటికి రైలుపట్టా ముక్క మీద కొడతారు. అదే గంట. బావిలో నీళ్లు తోడడానికి వంతులుంటాయి. కొత్తవాళ్లకు చేంతాడు జారి అరచేతులు కమిలిపోతాయి. మన మళ్లల్లో ఉప్పు గంప ఎత్తిన చేతులు నీవి, అంత కష్టం కాదు. కూడు సరిపోద్దా అని అడిగావు. పొద్దున రాగిసంకటి, మధ్యాహ్నం అన్నం, పప్పుచారు, రాత్రి అన్నం, మజ్జిగ. సరిపోతుంది. అవ్వ చేతి చేపల పులుసు మాత్రం ఉండదు. మూడో వారానికి దాని మీద ధ్యాస పోతుంది. దసరా సెలవుల ముందు మళ్లీ వస్తుంది.

ఏడిస్తే కొడతారా అన్నావు. కొట్టరు. "ఏడ్చేవాళ్లు బావి కాడికి పోయి మొహం కడుక్కోని రండి" అంటుందట మేట్రనమ్మ. మొదటి వారం బావి దగ్గర వరసలో నిలబడవలసి వస్తుందని పై తరగతి పిల్ల ఒకతె నాతో చెప్పి నవ్వింది. ఆ పిల్లా నిలబడే ఉంటుంది.

నువ్వు అడగనిది ఒకటి చెబుతాను. నీకు పేరు పెడతారు. మాది ముత్తుకూరు అవతల ఉప్పుమళ్ల పాళెం అని చెప్పిన రోజే పెడతారు. మేమిద్దరం, నేనూ మీ చిన్నమామా, పెట్టెలు నెత్తిన పెట్టుకుని మా బోర్డింగు గేటు దాటుతుంటే అరుగు మీది పిల్లలు, "ఉప్పు మూటలు వచ్చినాయిరోయ్, తడవనీయొద్దు!" అని అరిచారు. నేను తల దించుకున్నాను. మీ చిన్నమామకు తొమ్మిదేళ్లు. వాడు పెట్టె కింద పెట్టి, "మేము రాకముందు ఇన్ని దినాలూ చప్పిడి కూడు ఎట్టా తిన్నార్రా పాపం?" అన్నాడు. సాయంత్రానికి వాడు అందరికీ స్నేహితుడు. నేను ఏడాదిదాకా ఉప్పు మూటనే.

ఆ చిన్నమామను నువ్వు చూడలేదు. పేరు జయకుమార్. ఇంట్లో కుమారు. నీ పేరులో సగం వాడిది.

అమ్మా, ఇక నీ ఉత్తరంలోని చివరి మాటకు వస్తాను. "మన కుమారు రాసిన కార్డు బైబిల్లోంచి తీసి దీని పెట్టెలో పెట్టి పంపిస్తా. తను పోయే వారం గూడా అమ్మకు దిగులు పెట్టకుండా క్షేమమని రాసినాడు నా బిడ్డ. ఇదిగూడా వారం వారం అట్టా రాయడం నేర్చుకోవాల" అన్నావు.

ఆ కార్డు దాని పెట్టెలో పెట్టవద్దు.

జయా, ఇక్కడినుంచి మెల్లగా చదువు. అవ్వ ఆపమంటే ఆపు, మళ్లీ చదవమంటే చదువు. ఈ భాగం వేరే కాగితం మీద రాసి ఉపదేశి గారికి పంపుదామనుకున్నాను. ఆయన మంచివారు, మధ్యలో ఏదో ఒక మంచిమాట కలుపుతారు. అందుకని నీకే రాస్తున్నాను. పదకొండేళ్ల పిల్ల చేత చదివించవలసిన సంగతి కాదు ఇది. కాని పెట్టె సర్దుకుంటున్నది నువ్వు.

మా బోర్డింగులో శనివారం మధ్యాహ్నం కార్డులు రాసే వేళ. వార్డెను గారు నల్లబోర్డు మీద నాలుగు వాక్యాలు రాసేవారు. "నేను ఇక్కడ క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను. భోజనం బాగున్నది. చదువు బాగా సాగుతున్నది." నలభై రెండు మంది పిల్లలం అవే వాక్యాలు కార్డు మీదికి దించుకునేవాళ్లం. సొంత మాట కలిపితే ఆయన చదివి చింపేసేవారు. ఆయన దుర్మార్గుడు కాదు. అంతకుముందు ఎవడో పిల్లవాడు కాలి మీద కురుపు లేచిందని రాస్తే, వాడి నాయన పదిహేను మైళ్లు వానలో నడిచి వచ్చి, కురుపు చూసి, ఏడ్చి, పిల్లవాడిని భుజానవేసుకుని పోయాడట. వాడు మళ్లీ రాలేదు. ఆ తరువాత పెట్టిన పద్ధతి అది.

నేను ఏడో తరగతి. మానిటర్ని. కార్డులన్నీ వసూలు చేసి, లెక్క సరిచూసి, తపాలా సంచిలో వేయడం నా పని.

1937 నవంబరు పదకొండు, గురువారం, కుమారుకు జ్వరం తగిలింది. శనివారం వాడు సిక్కు రూములో పడుకుని ఉన్నాడు. కాంపౌండరు రంగునీళ్ల మందు ఇచ్చిపోయాడు. సాయంత్రానికి నా దగ్గర నలభై ఒక్క కార్డులున్నాయి. వాడి ఖాళీ కార్డు తీసుకుని వెళ్లాను. వాడి వేళ్లలో పెన్సిలు నిలవలేదు.

అమ్మా, ఆ కార్డు నేను రాశాను. వాడు రాసినట్టు అక్షరాలు కుడివైపుకు వాల్చి, రెండో వరసను కిందికి జార్చి రాశాను. ఇరవై నాలుగేళ్లుగా నువ్వు వేలితో తడిమి చూసుకుంటున్నవి వాడి అక్షరాలు కావు. నావి.

అది మంగళవారం నీకు చేరింది. తపాలా ముద్ర మీద తేదీ ఉంది, జయశీల చూసి చెబుతుంది. శుక్రవారం తెల్లవారుజామున కుమారు పోయాడు. వార్డెను గారు నీతో రెండు రోజుల జ్వరమన్నారు. నువ్వూ ఇప్పటికీ అందరికీ అదే చెబుతున్నావు. "శనారం దాకా బాగుండె, కార్డు రాసినాడు గదా" అంటావు. అది తొమ్మిది రోజుల జ్వరం. ఇలాంటివి లెక్కగట్టడం నా వృత్తి. కార్డులో నిజం ఉంటే, మంగళవారం సాయంత్రం ఉప్పు పడవ ఎక్కి, కాలువ మీద బుధవారం పొద్దుటికి నువ్వు మా బోర్డింగు ఉన్న ఊళ్లో దిగేదానివి. వాడికి గురువారం మధ్యాహ్నం దాకా తెలివి ఉంది. ఒకటిన్నర రోజు. నువ్వు వాడి పక్కన కూర్చోవలసిన ఒకటిన్నర రోజు అది.

నిజం రాస్తే వార్డెను గారు చింపేస్తారని భయపడ్డాను అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. పుష్పకుమారికి కూడా అలాగే చెప్పాను. అది నిజం కాదు. ఆ శనివారం వాన. ఆయన గొడుగు పట్టుకుని వచ్చి, "లెక్క సరిపోయిందా? మూట కట్టి సంచిలో వెయ్యి" అని వెళ్లిపోయారు. ఒక్క కార్డూ చదవలేదు. నేను ఏం రాసినా నీకు చేరేది. వేయకముందే అది నాకు తెలుసు.

కారణం వేరే. మమ్మల్ని పంపిన రోజు పడవ రేవులో నువ్వన్న మాట నీకు గుర్తుందో లేదో. "ఒకడికి తలనొప్పి వచ్చిందని తెలిసినా చాలు, ఇద్దరినీ పడవెక్కించుకోని వస్తా. చదువూ వద్దు, సట్టుబండా వద్దు" అన్నావు. నువ్వు అన్నమాట చేసే మనిషివి. నువ్వు వస్తే ఇద్దరినీ తీసుకుపోతావు. మార్చిలో నాకు పరీక్ష. మళ్లీ ఉప్పు మళ్లల్లోకి దిగడం నాకు ఇష్టం లేదు. జ్వరాలు తగ్గుతాయి, పరీక్ష పోతే రాదు అనుకున్నాను. పద్నాలుగేళ్లవాణ్ని అనవచ్చు. పద్నాలుగేళ్లవాడికి ఆ లెక్క తెలిసిందంటే, మిగతా లెక్క కూడా తెలిసి ఉండాలి.

ఆ పరీక్ష ప్యాసయ్యాను. నేను ఈ రోజు తినే అన్నం ఆ చదువు పెట్టింది.

ఇంకొకటి ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు.

కార్డు పట్టుకుని వెళ్లినప్పుడు కుమారు, "అన్నా, అమ్మను రమ్మని రాయి. జొరమని రాయొద్దులే, భయపడతాది. ఊరికే చూడాలనుండాదని రాయి" అన్నాడు.

"సరే" అన్నాను. వాడి పక్కనే కూర్చుని, బోర్డు మీది నాలుగు వాక్యాలు రాశాను.

"రాసినావా?"

"రాసినా."

"ఏదీ, చదువు."

చదివాను. "అమ్మా, నిన్ను చూడాలనుండాది. ఒకసారి వచ్చి పో" అని చదివాను. కార్డు మీద ఆ మాట లేదు. వాడు కళ్లు మూసుకుని విని, "బాగా రాసినావు" అన్నాడు.

మంగళవారం నుంచి అడగడం మొదలుపెట్టాడు. "పడవ వచ్చిందా అన్నా?" అనేవాడు. వానకు కాలువ పొంగింది, పడవలు ఆగినాయి అని చెప్పాను. పడవలు ఆగలేదు. బుధవారం రెండుసార్లు అడిగాడు. గురువారం మధ్యాహ్నం ఒకసారి అడిగాడు. తరువాత అడగలేదు.

శనివారం నువ్వు వచ్చావు. వాడి మొహం మీది గుడ్డ తీసి చూసి, నా వైపు తిరిగి, "ఏమన్నా అడిగినాడా నాయనా?" అన్నావు. "లేదమ్మా, నిద్రలోనే పొయినాడు" అన్నాను. నువ్వు నా తల నిమిరావు.

ఇప్పటికి పదహారేళ్లుగా పేపర్లో పనిచేస్తున్నాను. వరదలు, రైలు ప్రమాదాలు, ఎన్నికలు రాశాను. చూడనిది చూశానని రాయలేదు. ఒకరు అన్నది ఇంకొకరు అన్నారని రాయలేదు. సంజీవరావు రాసింది మళ్లీ సరిచూడక్కరలేదని ఆఫీసులో అంటారు. నేను రాసిన మొదటి తప్పుడు వార్త నీ బైబిల్లో ఉందని వాళ్లకు తెలియదు.

ఈ ఉత్తరం విన్నాక పిల్లను బోర్డింగుకు పంపనని అంటావేమో. అనే హక్కు నీకుంది. అయినా పంపమనే అడుగుతున్నాను. అది చదవాలి. ఆ ఊరికి ఇప్పుడు బస్సుంది, మేట్రనమ్మ పిల్లల నుదుటి మీద చెయ్యి పెట్టి చూడడం నా కళ్లతో చూశాను. కాని అక్కడ కూడా ఉత్తరాలు పెద్దవాళ్లు చదివే పంపుతారు. అడిగితే అవునన్నది.

కాబట్టి జయా, నీ పెట్టెలో పెట్టడానికి వేరే కార్డులు తెస్తున్నాను. ఇరవై నాలుగు. సగం అవ్వకు, సగం నాకు, అడ్రసులు రాసి ఉంటాయి. బాగున్నాను, క్షేమం అని రాయకు. ఆ రోజు ఏం తిన్నావో రాయి, ఎంత మిగిల్చావో రాయి. పక్క చాప మీద ఎవరు పడుకున్నారో రాయి. ఒంట్లో బాగాలేకపోతే ఎన్ని రోజులుగానో రాయి. రాయనివ్వకపోతే, లేక నీకే రాయబుద్ధి కాకపోతే, ఖాళీ కార్డు సంచిలో వెయ్యి. ఖాళీ కార్డు అందిన రోజు మొదటి బస్సుకు బయలుదేరుతాను. నీ చదువు పాడవుతుందని ఆలోచించకు. నేను తీసుకుపోవడానికి రాను, చూడడానికి వస్తాను. అవ్వను కూడా తీసుకొస్తాను.

అమ్మా, జూన్ పదో తేదీ పొద్దున ఇంటికి వస్తాను. నువ్వు నాతో మాట్లాడకపోయినా పిల్లను దిగబెట్టి వెళతాను. ఆ కార్డు ఏం చేయాలో నీ ఇష్టం. అందులో వాడిది ఒక్క అక్షరం కూడా లేదని తెలిశాక నీ దగ్గర వాడిదంటూ ఏమీ మిగలదని నాకు తెలుసు. అందుకే ఇన్నేళ్లు చెప్పలేదు.

వాడిది ఒకటి నా దగ్గర ఉండిపోయింది. నీకు చేర్చమని ఇచ్చాడు, చేర్చలేదు. ఇప్పుడు చేరుస్తున్నాను. జయా, ఇది మామ మాటగా కాకుండా చదువు.

"అమ్మా, నిన్ను చూడాలనుండాది. ఒకసారి వచ్చి పో."

ఇట్లు,
ఆ శనివారం కార్డు రాసిన
నీ పెద్ద కొడుకు,
సంజీవరావు.