పెద్దాయన కుబుసం

ఇన్‌స్పెక్టరు గారికి,

కులాసా కబుర్లు రోజూ ఫోన్లో చెప్పుకుంటూనే ఉన్నాం కాబట్టి ఇక్కడ మళ్లీ రాయను. ఫోన్లో చెప్పలేనిది ఒకటుంది. చెప్పబోతే నువ్వు అవతల "ఊఁ" అంటావు. తొమ్మిదేళ్లుగా ఆ ఊఁ వినగానే మాట మార్చేస్తున్నాను. కాగితం ఊఁ కొట్టదు.

మొన్న అత్తయ్య అడగమన్నారని అడిగావు, పెద్దాయన ఉన్నాడా పోయాడా అని. అత్తయ్య దగ్గర ఉండటానికని వేయించుకున్న నీ బదిలీ గడువు ఈ నెలాఖరుతో అయిపోతుంది. అత్తయ్యని తీసుకుని వచ్చేస్తానన్నావు. ఆవిడకి ఇవ్వగలిగింది ఆ చిన్న గది ఒక్కటే, అందులో పెద్దాయన ఉన్నంతకాలం మన గుమ్మం తొక్కనని ఆవిడ తెగేసి చెప్పారు. తుంటి ఎముక విరిగి కోలుకుంటున్న మనిషిని ఒంటరిగా వదిలి నువ్వు రాలేవు. రాలేకపోతే అక్కడే ఉండిపోతానని, బదిలీ పొడిగించమని అర్జీ కూడా రాసి పెట్టుకున్నానని నెమ్మదిగానే చెప్పావు. నేను "ఇవాళో రేపో అన్నట్టుంది పాపం" అన్నాను. అబద్ధం. పెద్దాయన దివ్యంగా ఉన్నాడు. నిన్ననే రెండు బొద్దింకలు తిన్నాడు.

అసలు అబద్ధం ఇది కూడా కాదు.

పెళ్లికి ముందు ఒక ఆదివారం నువ్వు నా అద్దె గదికి వచ్చావు, గుర్తుండే ఉంటుంది. అలమర మీద నాలుగు గాజు పెట్టెలు. రెండింట్లో నల్ల తేళ్లు, ఒకదాంట్లో చారల సాలీడు, నాలుగోదాంట్లో అరచేయంత టరాంటులా సాలీడు, మోకాళ్ల దగ్గర నారింజ రంగు. అప్పటికే రెండు సంబంధాలు ఆ అలమర చూసి చెప్పులేసుకుని వెళ్లిపోయాయి. నువ్వు వెళ్లలేదు. నీటి పరీక్షల ఇన్‌స్పెక్టరువి కదా, మీ ల్యాబ్‌లో నీళ్ల సీసాని చూసినట్టు, కళ్లద్దాలు పైకి తోసి ఒక్కో పెట్టె ముందూ వంగి చూశావు. కరుస్తాయా, బయటికొస్తాయా, ఎన్నాళ్లు బతుకుతాయి అని అడిగావు. ఆ తర్వాత షరతు పెట్టావు. ఉన్నవాటిని చంపమనను, వాటి ఆయుష్షు తీరేదాకా ఉండనివ్వు, కొత్తది మాత్రం ఒక్కటి కూడా ఇంట్లోకి రాకూడదు అన్నావు. అంత న్యాయంగా మాట్లాడే మనిషిని అంతకుముందు నేను చూడలేదు.

తేళ్ల లెక్క, చారలదాని లెక్క నిజమే చెప్పాను. నాలుగోదాని దగ్గరికొచ్చేసరికి నాలుక మడత పడింది. "ఇది మగది. పూర్తిగా ఎదిగింది. మహా అయితే మూడేళ్లు" అన్నాను. నువ్వు నవ్వి, అయితే పెద్దాయనన్నమాట అని అక్కడికక్కడే పేరు పెట్టేశావు.

అది ఆడది. బఠాణీ గింజంత ఉన్నప్పుడు తెచ్చి ఆరేళ్లు పెంచాను, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? విడిచిన కుబుసాన్ని సబ్బునీళ్లలో నానబెట్టి, పొట్ట భాగం విప్పి భూతద్దంలో చూస్తే, ఆడదైతే లోపల చిన్న సంచి లాంటి మడత కనిపిస్తుంది. మా ల్యాబ్‌లో కట్టుడు పళ్ల సెట్ల మీద గీతలు చూసే భూతద్దంతోనే చూశాను. మగవి ఎదిగాక ఏడాదో రెండేళ్లో ఉంటాయి. ఆడవి పాతికేళ్లు బతుకుతాయి. పాతికేళ్లు అంటే నువ్వు లేచి వెళ్లిపోతావని భయపడ్డాను. ఇంకో కారణమేమీ లేదు.

అబద్ధం కూడా మా పనిలాంటిదే. ఒక్క పన్ను ఎత్తు పెడితే మిగతావన్నీ దానికి తగ్గట్టు అరగదీసుకుంటూ పోవాలి. పూర్తిగా ఎదిగిన మగది మళ్లీ కుబుసం విడవదు. కాబట్టి పెద్దాయన కుబుసం విడవడం నీ కంట పడకూడదు. నెల రోజులు తిండి మానేసిందంటే ఆ సమయం దగ్గర పడిందని అర్థం. నీకు మాత్రం, వయసు మీద పడుతోంది, అందుకే తినట్లేదు అని చెప్పి, పెట్టె మీద దుప్పటి కప్పేవాణ్ని. మర్నాడు కుబుసాన్ని క్యారియర్ పైగిన్నెలో పెట్టుకుని ల్యాబ్‌కి తీసుకెళ్లి పారేసేవాణ్ని. ఒకసారి మా పళ్ల డాక్టరు ఆకలేసి ఆ గిన్నె మూత తీశాడు. ఆ రోజు నుంచి నా క్యారియర్ జోలికి ఎవరూ రారు.

పెళ్లైన నాలుగో ఏడు, పళ్లు కాల్చే కొత్త కొలిమి మీద శిక్షణకని ఎనిమిది రోజులు వెళ్లానే, అప్పుడు దొరికిపోయాననుకున్నాను. తిరిగొచ్చేసరికి పెద్దాయన ఒళ్లంతా కొత్త నలుపు, మోకాళ్లు నిగనిగ. నేను లేనప్పుడు కుబుసం విడిచేసింది. నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు మట్టంతా తిరగేశాను, కుబుసం దొరకలేదు. ముక్కలు చేసి ఎక్కడో కప్పెట్టేసిందనుకున్నాను. నువ్వేమీ అడగలేదు. తేలు కుట్టిన దొంగలా నేనూ ఊరుకున్నాను. ఇంట్లో నిజంగానే తేళ్లున్న మనిషిని కాబట్టి ఆ మాట వాడుకునే హక్కు నాకుంది. విచిత్రం ఏమిటంటే, అంతకుముందు చెయ్యి పెడితే కాళ్లెత్తి మీదికొచ్చేది, ఆ ఏడాది నుంచి సాధువైపోయింది. సంసారంలో పడ్డాక ఎవరైనా అంతేలే అనుకున్నాను.

చారలది అంతకుముందు ఏడే పోయింది, తర్వాత తేళ్లు రెండూ పోయాయి, అలమరలో ఒక్క పెట్టే మిగిలింది. ప్రతి ఏడూ నువ్వు "గట్టి పిండమే" అంటావు, నేను అవునంటాను. ఇప్పటికి దాని వయసు పదిహేను. ఇంకో పదేళ్లుంటుంది. ఇదీ సంగతి. తొమ్మిదేళ్లు నిన్ను మోసం చేశాను. నాకు సిగ్గుగా ఉంది. తిట్టాలనుకుంటే కాగితం మీద తిట్టు, దాచుకుంటాను.

నీ
పళ్లాయన

*

ఇన్‌స్పెక్టరు గారికి,

పదకొండు రోజులైంది. ఫోన్లో నువ్వు కూరగాయల గురించి, అత్తయ్య మందుల గురించి మాట్లాడుతున్నావు. ఉత్తరం అందిందా అంటే అందింది అన్నావు. ఆ తర్వాత ఊఁ కూడా అనలేదు.

అందుకని నేనే తేల్చేశాను. ఈ జీవాలు అమ్మే షాపాయన దగ్గరికి వెళ్లి పెద్దాయనని తిరిగి తీసుకోమన్నాను. ఆయన గెడ్డం గోక్కుంటూ, "మేడంగారిని అడిగారా?" అన్నాడు. అడగక్కర్లేదు, ఆవిడ కోసమే అన్నాను. ఆయన నా మొహం వంక అదోలా చూసి, శనివారం వచ్చి తీసుకెళ్తానన్నాడు. చిన్న గదికి సున్నం వేయిస్తున్నాను. మంచం కిటికీ వైపు జరిపాను, అత్తయ్యకి వెలుతురు పడుతుంది. పదిహేనేళ్ల అలవాటు కదా, పొద్దున్నే లేచి దాని నీళ్ల మూత నింపుతున్నప్పుడు చెయ్యి కొంచెం ఆగుతోంది. అదే సర్దుకుంటుంది.

నువ్వు రా. అర్జీ ఇవ్వకు.

నీ
పళ్లాయన

*

పళ్లాయనకి,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. ఇది చేరేసరికి శనివారం దాటిపోతుందని షాపాయనకి నేనే ఫోన్ చేసి రావద్దన్నాను. ఎందుకు రాలేదని ఆయన మీద విసుక్కోకు.

ఇన్ని రోజులు ఆగింది కోపంతో కాదు. నీ అబద్ధం నాకు అయిదేళ్ల కిందటే తెలుసు. నేను రాయాల్సింది వేరే ఉంది. మూడు కాగితాలు చింపి ఇది రాస్తున్నాను.

నువ్వు శిక్షణకి వెళ్లినప్పుడు, పెట్టె తెరవొద్దు, ఏమీ పెట్టొద్దు, వయసైపోయింది, ప్రశాంతంగా ఉండనివ్వు అని చెప్పి వెళ్లావు. నాలుగో రోజు మధ్యాహ్నం దుప్పటి తీసి చూశాను. పెద్దాయన వెల్లకిలా పడి ఉన్నాడు. కాళ్లు ఎనిమిదీ పైకి. నువ్వు చెప్పిన మూడేళ్లు అప్పటికే దాటాయి. పట్టకారుతో తాకితే ఒక్క కాలు కొంచెం కదిలింది. గంట చూశాను. మళ్లీ తాకితే మళ్లీ అంతే. ప్రాణం పోలేక కొట్టుకుంటున్నాడనుకున్నాను. నీకు ఫోన్ చేద్దామనుకుని, శిక్షణ మధ్యలో ఉన్నవాడికి ఈ కబురెందుకని మానేశాను.

అంతకుముందు ఏడు చారలదాన్ని నువ్వు ఎలా సాగనంపావో చూశాను. డబ్బాలో గుడ్డ వేసి ఫ్రీజర్‌లో పెట్టావు. చలికి మత్తు వచ్చి నొప్పి తెలియకుండా పోతుందన్నావు. నేనూ అదే చేశాను. గుడ్డ కోసం నీ పాత బనీను చించాను, నీ వాసన ఉంటుందని. సాలీడుకి మనిషి వాసన ఏం తెలుస్తుంది? అయినా అలాగే చేశాను.

మర్నాడు ఆ డబ్బా పట్టుకుని షాపాయన దగ్గరికి వెళ్లాను. నువ్వొచ్చేదాకా శరీరం పాడవకుండా ఎలా ఉంచాలో కనుక్కుందామని. ఆయన మూత తీసి, చాలాసేపు చూసి, వీపు దగ్గర సన్నటి చీలిక చూపించాడు. "ఇది చావడానికి పడుకోలేదమ్మా. కుబుసం విడవడానికి పడుకుంది. ఇంకో నాలుగు గంటలు ముట్టుకోకుండా ఉంటే లేచి తిరిగేది" అన్నాడు. ఎదిగిన మగది కుబుసం విడవదు కదా, మావారు చెప్పారు అన్నాను. ఇది మగదని మీకెవరు చెప్పారు అన్నాడాయన.

నేను ఆ షాపులో స్టూలు మీద కూర్చుండిపోయాను. నువ్వు నాతో అబద్ధమాడావన్నది ఒకటి, నేను బతికున్నదాన్ని చంపానన్నది ఒకటి. రెండూ ఒక్క నిమిషంలో తెలిశాయి. ముందు నీ మీద ఒళ్లు మండింది. నిజం చెప్పి ఉంటే అది వెల్లకిలా పడుకోవడం నేను ఏడాదికోసారి చూసేదాన్ని, దాని జోలికి వెళ్లేదాన్నే కాదు. ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ దాన్ని ఫ్రీజర్‌లో పెట్టిన చెయ్యి నీది కాదు.

షాపాయన దగ్గర అదే రకం, అదే సైజుది ఇంకొకటి ఉంది. ఆడదే. ఇది ఇంకా ఎన్నాళ్లుంటుంది అని అడిగాను. పదిహేనేళ్లు తక్కువ కాదు అన్నాడు. ఆ షరతు ఎవరు పెట్టారో నాకు బాగా గుర్తుంది. కొత్తది ఒక్కటి కూడా ఇంట్లోకి రాకూడదన్న మనిషినే, దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. పక్కసీటావిడ అది కేకా అని అడిగితే అవునన్నాను. నువ్వొచ్చి మట్టి తిరగేస్తుంటే బాత్‌రూమ్ తలుపు సందులోంచి చూశాను. నిన్ను నిలదీస్తే నాది బయటపడుతుంది. అందుకే నోరు మూసుకున్నాను. ఇంతకీ అది సాధువైంది సంసారంలో పడి కాదు. అది వేరే సాలీడు.

మొన్న అమ్మ పేరు చెప్పి అడిగింది నేనే. అమ్మ అడగలేదు. ఈసారైనా నిజం చెప్తావేమోనని అడిగాను. చెప్తే నేనూ చెప్పేద్దామని. నువ్వు నాలుగు పేజీలు రాసి పంపాక కూడా నేను కూరగాయల గురించే మాట్లాడాను.

నిన్న అమ్మని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను, ఇంకో పదేళ్లుంటుందని కూడా. అమ్మ అంతా వింది. తర్వాత, "ఒకరు పోతుందని చెప్పి ఉంచుకున్నారు, ఒకరు పోతే మళ్లీ తెచ్చుకున్నారు. మధ్యలో దానికి నేనెందుకు అడ్డం. నా గదిలో మాత్రం వద్దు, మీ గదిలో పెట్టుకోండి" అంది. కాబట్టి పెట్టె మన గదిలోకి మార్చు. అర్జీ చింపేశాను. ఈ ఉత్తరం అందాక వచ్చే ఆదివారం పొద్దుటి బండికి దిగుతాం, అమ్మకి చక్రాల కుర్చీ మాట్లాడి ఉంచు.

ఒక్క సంగతి. బఠాణీ గింజంత ఉన్నప్పుడు నువ్వు తెచ్చి పెంచుకున్నది పోయి అయిదేళ్లైంది. నీకు ఇప్పుడు తెలుస్తోంది. దాని కోసం నేను వంటింట్లో కుళాయి తిప్పి ఒక్కదాన్నే ఏడ్చాను, నీకు వినపడకుండా. నన్ను తిట్టుకుంటావో ఏం చేస్తావో నీ ఇష్టం, కానీ ఏడవడం మాత్రం ఒక్కడివే కానిచ్చేయకు. ఆదివారం దాకా ఆగు. నేను వస్తున్నాను.

నీ
ఇన్‌స్పెక్టరు