నూట ఇరవై ఏడు దాటిన అంకెలు

అమ్మకు,

నీ చిన్నది నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం కులాసానే. మీ అల్లుడికి దగ్గు తగ్గింది, కూనిరాగాలు మాత్రం తగ్గలేదు. కొత్త బిళ్లలతో నీ మోకాలి నొప్పి ఎలా ఉందో రాయలేదు. నీ సంగతి నువ్వెప్పుడు చెప్పావు కనుక.

పక్షవాతంతో కుడి చెయ్యి, మాట పడిపోయాక నాన్న ఎడమ చేత్తో చెంచా పట్టుకున్నాడని రాశావు. ఆ వాక్యం నాలుగుసార్లు చదువుకున్నాను. నలభై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. హాస్టలు నుంచి నేను రాసిన ఉత్తరాలను కూడా ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపేవాడు. పొరపాటున కొట్టేసినదాన్ని ఉండనివ్వాలంటే కింద చుక్కలు పెట్టాలని నాకు నేర్పింది ఆ కుడి చెయ్యే.

ఇక నువ్వడిగిన ప్రశ్న. "రిపోర్టు బాగానే ఉందిగా, దడా లేదు గిడా లేదు, లేచి తిరగండి అని కసిరాను. నా నోరే ఆయన్ని మంచాన పడేసిందా?" అన్నావు. కాదమ్మా. ఆ రిపోర్టు తప్పు. ఆ తప్పు నాది.

ఆసుపత్రిలో నాన్న ఛాతీకి అతికించిన పట్టీ, నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో ఫైలులో దాస్తుంది. ఒక్కో లెక్క ఒక్కో బైటు, అంటే రెండువందల యాభై ఆరు అంకెలకే చోటున్న చిన్న గది. ఆ బైట్లను చదివి అంకెలుగా మార్చే ప్రోగ్రాం నేను రాసిందే. ఇందులో మైనస్ అంకెలు ఉండవని ప్రోగ్రాంకు ముందే చెప్పాలి, లేకపోతే సగం చోటు మైనస్‌లకే ఇచ్చేస్తుంది. నేను చెప్పలేదు. అందుకని నూట ఇరవై ఏడు దాకా సవ్యంగా వచ్చి, అది దాటిన ప్రతి అంకె మైనస్ అయిపోయింది. గుండె మైనస్‌లో కొట్టుకోదు కదా, పట్టీ ఊడి ఉంటుందిలే అని అలాంటివి వదిలేయమని కూడా నేనే రాశాను. అంటే దడ వచ్చినప్పటి లెక్కలన్నీ పోయాయి. కంచే చేను మేసింది. పట్టీని ముందు నా మీదే పరీక్షించాను. కుర్చీలో కూర్చున్నదాన్ని, డెబ్బై రెండు దాటలేదు. అంతా బాగుందని సంతకం పెట్టాను.

మందుల చీటీలతో పాటు నువ్వు పంపిన కాగితం చూశాకే అనుమానం వచ్చింది. దడ వచ్చిన వేళ రాసి పెట్టమని డాక్టరు చెబితే నాన్న గుండ్రంగా రాశాడు: మంగళవారం, సాయంత్రం నాలుగూ పది. తర్వాత ఎర్ర సిరాతో కొట్టేశాడు. ఎందుకు కొట్టేశారని నువ్వడిగితే, "మా చిన్నదాని మిషను తప్పు చెప్పదు, నేనే ఏదో ఊహించుకున్నాను" అన్నాడని రాశావు. ఆ ఫైలు మళ్లీ సరిగ్గా చదివించాను. నాలుగూ పదికి నూట నలభై ఎనిమిది. నలభై నిమిషాలు అలాగే ఉంది. అది అప్పుడే రిపోర్టులో కనిపించి ఉంటే రక్తం గడ్డకట్టకుండా మందిచ్చేవాళ్లు, పక్షవాతం దాకా వచ్చేది కాదేమో.

మా ఆఫీసు పెద్దాయనకు చెబితే, "కంగారు పడకు, మెల్లగా సరిచేద్దాం" అన్నాడు. నేను ఆగకుండా ఆసుపత్రికి రాశాను. ఇంకా నలభై మంది ఫైళ్లు మళ్లీ చూశారు, ముగ్గురిని వెంటనే రమ్మన్నారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. దానికి నాకు భయం లేదు. నీకు రాయడానికే పది రోజులు భయపడ్డాను.

నాన్న కాగితం ఇందులో పెట్టాను. కొట్టేసిన వరస కింద ఎర్ర చుక్కలు పెట్టాను. మాట రాకపోయినా చదవగలడు కదా, చూపించు.

ఇట్లు,
నీ చిన్న కూతురు