అక్క నింపిన మ్యాగజైన్

బావా,

నిన్నటితో నీ సంవత్సరీకాలు అయిపోయాయి. ఇవాళ అక్క నాతో షూటింగ్ రేంజ్‌కి వచ్చింది.

నా మొదటి సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌తో నేను పడ్డ పాట్లు నీకు తెలిసినవే. ట్రిగ్గర్‌ని 'స్క్వీజ్' చెయ్యమని కోచ్ అంటే, పిండమన్నాడనుకుని పిడికిలంతా బిగించేవాణ్ణి. తూటాలన్నీ కిందికీ ఎడమకీ పోయేవి. "నిమ్మకాయ కాదు బామ్మర్దీ, వేలొక్కటే కదలాలి" అనేవాడివి. నాకు తెలియకుండా అసలు తూటాల మధ్య ఒక డమ్మీ తూటా పెట్టి, పిస్టల్ పిడిలోకి దూర్చే మ్యాగజైన్ నింపేవాడివి. డమ్మీ పేలదు కాబట్టి, పేలుడుకి భయపడి నా చెయ్యి ముందే కిందికి దిగడం ఇద్దరికీ కనబడేది.

నువ్వు పోయాక నేనే నింపుకున్నాను. డమ్మీ ఎక్కడుందో తెలిశాక ఇక పరీక్షేముంది? గురి బాగుపడకపోతే పిస్టల్ పోలీసులకి అప్పగించేద్దామనుకున్నాను. ఇక్కడి కొత్త చట్టం పిస్టళ్ల అమ్మకాలు ఆపేసింది కాబట్టి, ఒకసారి ఇచ్చేస్తే మళ్లీ కొనలేను. ఆ మాట విని అక్క తనే వస్తానంది.

రేంజ్ ఆఫీసర్ పక్కనుండి ఎలాగో చూపిస్తే, అక్క నాకు కనబడకుండా మ్యాగజైన్ నింపి ఇచ్చింది. రెండు తూటాలు పేలాయి. మూడోసారి టిక్‌మని చప్పుడైందంతే. పిస్టల్ మూతి కిందికి దిగలేదు.

"పేలలేదు, కదల్లేదు. ఇది మంచిదేనా?" అంది అక్క.

"ఇన్నాళ్లూ నాకు రానిది ఇదే."

"మీ బావ ఒప్పుకునేవారా?"

"ఒక్కసారికే ఒప్పుకునేవాడు కాదు. గాలివాటం అనేవాడు."

"అయితే ఇంకోసారి చూద్దాం," అని మ్యాగజైన్ కోసం చెయ్యి చాచింది.